మంత్రిగారూ, మా వంతెన నీళ్లపైకి వచ్చేదెప్పుడు?

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం.

ఇది మీకు నా నాలుగో ఉత్తరం. ముందు ఇచ్చిన మూడు అర్జీలకూ ముద్ర వేసిన రసీదులు ఇచ్చారు. బీరువాలో భద్రంగా ఉన్నాయి, చెదలు కూడా పట్టలేదు.

మూసీ మీద మా ఊరి లో లెవల్ వంతెన గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? ఎన్నికలప్పుడు మీవాళ్లు దాని మీదే నిలబడి మాట ఇచ్చారు. ఎండాకాలం కాబట్టి నిలబడగలిగారు.

మాకు వానతో పనే లేదు సార్. ఇక్కడ చుక్క పడకపోయినా పైన వికారాబాద్ వైపు, హైదరాబాద్‌లో గట్టిగా కురిస్తే చాలు. గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో వస్తే మాకు టెన్షన్ మొదలు. ఆ తర్వాత వంతెన కనపడదు. జూలూరు-రుద్రవెల్లి దగ్గరా, సంగెం భీమలింగం కత్వ (చిన్న ఆనకట్ట) దగ్గరా మూసీ పొంగితే రాకపోకలు బందే.

పాల వ్యాన్ పొద్దున అయిదున్నరకు అవతలి ఒడ్డున ఆగుతుంది. మాకు నాలుగు బర్రెలు. మొన్న వరద నాలుగు రోజులు తీయలేదు. మొదటి రోజు పాలు తోడు పెట్టాం. రెండో రోజు ఇంటింటికీ పంచాం. మూడో రోజు ఎవరింట్లోనూ ఖాళీ గిన్నె లేదు. నాలుగో రోజు మా ఆవిడ క్యాను తీసుకెళ్లి మూసీలోనే వంచేసింది. నల్లటి నీళ్లలో తెల్లటి చార ఒకటి సాగి, నురగలో కలిసిపోయింది. గేట్లు ఎత్తారు, నాలుగు రోజులు పాలివ్వకండని బర్రెలకు చెప్పలేం కదా!

నీళ్లు తగ్గినా గండం తప్పదు. నురగ పేరుకుంటే వంతెన అంచు ఎక్కడో తెలియదు. పక్కన పాతిన రాళ్లు ఎప్పుడో కొట్టుకుపోయాయి. డిగ్రీ చదివే మా అన్న కొడుకు ఒక చేత్తో బండి నెట్టుకుంటూ, ఇంకో చేత్తో కర్ర పొడుచుకుంటూ దాటుతాడు. కాళ్లకు పట్టిన ఆ కంపు రెండు స్నానాలకు గానీ వదలదు.

ఇదే మూసీ మీద 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించిన పురానాపూల్ 1908 వరదను కూడా చూసి ఇంకా నిలబడే ఉంది. ఆయనకు ఎస్టిమేట్లు వేసిచ్చినవాళ్లు ఎవరో గానీ, ఇప్పుడుంటే మా ఊరికి పంపమని అడిగేవాళ్లం. నగరంలో మూసీకి సోకులు చేస్తామంటున్నారు. చేయండి, మాకేం కోపం లేదు. దిగువన మేమూ ఉన్నామని మాత్రం గుర్తుపెట్టుకోండి.

రెండేళ్ల కిందట టేపులు పట్టుకొచ్చి కొలిచారు. ఒడ్డున తుమ్మచెట్టుకు ఎర్ర రంగుతో గుర్తు పెట్టిపోయారు. ఆ చెట్టు మొన్నటి వరదకు పోయింది. మళ్లీ కొలవాలంటే కొలవండి, కాదనం. ఎత్తు వంతెన కావాలి సార్, అంతే. అదయ్యేదాకా కనీసం అంచున రాళ్లయినా పాతించండి.

ఈసారి మీరే రండి, వానాకాలంలో. పాల వ్యాన్ ఆగేచోటే మీ కారూ ఆపాల్సి వస్తుంది. ఇవతలి ఒడ్డున క్యాన్లతో మేం ఉంటాం.

ఇట్లు,
మూసీ ఒడ్డు పాల రైతు