మామూలు మనిషి నేరానికి కారణం కథలో కనబడాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే క్రైమ్ కథలు వదలకుండా చదువుతాను. ఈమధ్య వాటిలో మా సీమ ఊళ్లు కూడా కనబడుతున్నాయి, సంతోషం. అయితే మనిషి ఎందుకు తప్పు చేశాడో చెప్పాల్సి వచ్చేసరికి రచయితలు ఒక్క మాటతో దాటేస్తున్నారు. పల్లె అయితే పాతకక్ష, టౌన్ అయితే డబ్బాశ. డబ్బు అవసరం లేనివాళ్లెవరు? చాలామంది అప్పు చేస్తారు, నగ కుదువ పెడతారు, బెంగళూరు పోయి కూలి చేసుకుంటారు. ఇవన్నీ మానేసి ఒక్కడే నేరం వైపు ఎందుకు నడిచాడన్నది తెలియాలి కదా.

నేను అనంతపురంలో డాక్యుమెంట్ రైటర్‌ని. 1986లో మన రాష్ట్రం, 2005లో కేంద్రం చట్టం మార్చాక ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకూ వాటా వచ్చింది. అందుకే భూమి కొనేవాళ్లు అక్కచెల్లెళ్ల సంతకం కావాలంటారు. ఆధార్ రాకముందు కాలంలో ఒక తమ్ముడు అక్క బదులు వేరే ఆమెను తెచ్చి వేలిముద్ర వేయించాడనుకోండి. బోర్లు ఎండిపోయాయి, నూటికి మూడు రూపాయల వడ్డీ నడుస్తోంది, భూమి అమ్మక తప్పదు. అంతవరకు ఎవరైనా రాస్తారు. కానీ అడిగితే అక్క సంతకం పెట్టేదే! ఇతనే అడగలేడు. ఆమె పెళ్లికి నాన్న ఒప్పుకున్న బంగారం ఇంకా బాకీ. నాన్న పోయాక ఆ బాకీ ఇతని మీద పడింది. పండక్కి చీర పెట్టి కూడా చాలా ఏళ్లయింది. ఇప్పుడు పోయి బావ ముందు కూర్చుని ఆ మాట ఎత్తాలి. ఆ ఇంటి గడప తొక్కలేకే ఈ పనికి దిగాడు. డబ్బాశ అనేస్తే ఇదంతా ఎక్కడికి పోతుంది?

వేలిముద్ర వేసి, ఇంకు తలకు తుడుచుకుని బయటికి వచ్చిన ఆ ఆడమనిషికీ ఒక కారణం ఉంటుంది. బహుశా అతనికే ఆమె బాకీ. కొనేవాడికీ అనుమానం వచ్చే ఉంటుంది, బేరం చెడుతుందని నోరు మెదపడు. ముగ్గురూ మన వీధిలో తిరిగే మనుషులే.

తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వెతికేవాళ్లున్నారు. ఒక ఆడకూలికి రాయి దొరికి, చేను గలాయనకు చెప్పకుండా దాచుకుంటే అదీ కథే. రోజూ ఆమెకు కూలి ఎట్లా ఇచ్చేవాడో, ఏమని పిలిచేవాడో రాస్తే చాలు, ఎందుకు దాచిందో మనకే తెలుస్తుంది.

కారణం చెబితే నేరాన్ని సమర్థించినట్టే అని కొందరంటారు. నేనొప్పుకోను. తమ్ముడు ఎందుకు చేశాడో తెలిశాక అక్కకు జరిగిన అన్యాయం ఇంకా గట్టిగా తగులుతుంది, ఎందుకంటే ఆమె ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది.

ఒక్క పేజీలో హత్య, విచారణ, అరెస్టు అన్నీ ఇరికించమంటే రచయిత మాత్రం ఏం చేస్తాడు? దయచేసి ఇలాంటి కథలకు రెండు వారాల చోటివ్వండి. కథల పోటీ పెట్టినప్పుడు ఎంపిక చేసేవారికి పాత్ర ఎందుకు అలా చేసిందో కూడా చూడమని చెప్పండి. సీమ కథ అనగానే సుమోలు, వేటకొడవళ్ల బొమ్మ వేయించడం కూడా మానుకోవాలని మనవి.

– ఒక పాఠకుడు, అనంతపురం