నారు పోయకముందే లెక్క చెప్పండి

సంపాదకుడి గారికి నమస్కారం.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో 22 ఏళ్లుగా గుమస్తాగా చేస్తున్నాను. ఇంటర్‌లో సీఈసీ చదివాను. అప్పుడు మార్కుల కోసం బట్టీపట్టిన ఎకనామిక్స్ పాఠాలు ఇప్పుడు రోజూ నా కళ్లముందే నడుస్తున్నాయి.

మొన్న సీజన్‌లో మా కొట్టుకు ఒక పెద్దాయన 60 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి తెచ్చాడు. కాయ ఎర్రగా, తాలు లేకుండా ఉంది. వ్యాపారి రేటు చెప్పి వెళ్లిపోయాక ఆ మచ్చు కాయలు చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. "క్వింటాకు 13 వేలు ఖర్చయింది అబ్బాయ్. 13 లేకుండా ఎట్లా ఇచ్చేది?" అన్నాడు. సరుకు ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో, పెట్టించి ఇంటికెళ్లాడు.

ఆ రోజు నోరు రాక ఆయనకు చెప్పలేకపోయిన లెక్క ఒకటుంది. చేలో పెట్టిన 13 వేలు చేయిదాటిపోయాయి. కొనేవాడు వాటిని చూసి రేటు కట్టడు. ఇక చూసుకోవాల్సింది ఇకముందు అయ్యే ఖర్చు. 10 వేల సరుకు అమ్మి అప్పు తీర్చకుండా 10 నెలలు ఆపితే, నెలకు నూటికి 2 రూపాయల చొప్పున వడ్డీయే 2 వేలు. ఏసీ అద్దె, హమాలీ కూలి దానిపైన. అంటే రేటు 12 వేలకు పెరిగినా ఆయనకు నష్టమే. సరుకు ఆపుకున్నందుకు ఇలా పోగొట్టుకునేదాన్నే పుస్తకంలో అవకాశ వ్యయం అన్నారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది, ఆయనకేమో ఏడాది కష్టం.

మిర్చి ధర సగానికి పడిందని ఎవరూ కూరలో కారం రెట్టింపు వేసుకోరు. వాడకం పెద్దగా మారని సరుకు కాబట్టి, దిగుబడి కాస్త పెరిగినా ధర అంతకు మించి పడిపోతుంది, కాస్త తగ్గినా ఎగురుతుంది. క్వింటా 20 వేలు పలికిన ఏడు ఊరంతా మిర్చే వేస్తారు. ఆ పంటంతా ఒక్కసారే యార్డుకు వచ్చేసరికి రేటు కుప్పకూలుతుంది. మరుసటి ఏడు భయపడి తగ్గిస్తారు, మళ్లీ రేటు లేస్తుంది. మోర్డికై ఎజకియల్ అనే ఆర్థికవేత్త 1938లోనే దీన్ని సాలెగూడు సిద్ధాంతంగా వివరించాడు. ఇందులో రైతు తెలివితక్కువతనం ఏమీ లేదు. పక్క జిల్లాలో ఎన్ని ఎకరాలు వేస్తున్నారో, ఏసీల్లో ఎంత పాత సరుకు ఉందో తెలియనివాడికి నిరుటి రేటు తప్ప వేరే ఆధారం ఏముంటుంది?

కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో మిర్చి లేదు. 2025 ఫిబ్రవరిలో, ధర పడిపోయినప్పుడు ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేశారు. కాదనను, కానీ అప్పటికి పంట కోతకొచ్చేసింది. కాయ కళ్లంలో ఆరబోసుకున్న రైతు అప్పుడు మార్చుకోగలిగింది ఏమీ లేదు.

అందుకే మార్కెటింగ్, ఉద్యాన శాఖల వారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. రైతులు నారుకు అడ్వాన్సులు ఇవ్వకముందే, జూన్‌లో, ప్రతి రైతు సేవా కేంద్రంలో ఒక బోర్డు పెట్టండి. ఏసీల్లో ఎన్ని టిక్కీలు నిల్వ ఉన్నాయి, నిరుడు సర్కారు సాగు లెక్క అయిన ఈ-పంటలో ఎన్ని ఎకరాల మిర్చి నమోదైంది, ఖమ్మం, కర్ణాటక వైపు సాగు ఎలా ఉంది, రకాలవారీగా మాకు అర్థమయ్యే తెలుగులో రాయండి. జులై, ఆగస్టుల్లో వారానికోసారి ఆ అంకెలు మార్చండి. వాటిని చదివి చెప్పడానికి ఒక మనిషిని సాయంత్రం గంటసేపు కూర్చోబెట్టండి.

ఆ పెద్దాయన నిన్న ఫోన్ చేశాడు. టిక్కీలు ఇంకా ఏసీలోనే ఉన్నాయి, ఈ ఏడు కూడా మూడెకరాల నారుకు డబ్బు కట్టాడట. "వేయొచ్చంటావా?" అని అడిగాడు. చేతిలో అంకె లేక, "చూద్దాం బాబాయ్" అన్నాను.

– ఒక కమీషన్ కొట్టు గుమస్తా, మిర్చి యార్డు, గుంటూరు