మంత్రి గారూ, మా చర్చి ఉందని ఇంకెలా రుజువు చెయ్యాలి?

చర్చిల రిపేర్లకి డబ్బులిచ్చే స్కీం చూసుకునే గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం అండీ. పల్నాడులో ఒక చిన్న ఊరి లూథరన్ సంఘం నుంచి రాస్తున్నాను. ఊరి పేరు ఇక్కడ రాయట్లేదు, మా అర్జీలన్నిట్లో ఉంది, ఆ ఫైలు మీ పేషీలోనో కింద ఆఫీసులోనో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది, కనపడకపోతే చెప్పండి, జిరాక్స్ కాపీలు నా దగ్గర సంచి నిండా ఉన్నాయి. స్కీం గురించి మీకు నేను చెప్పేదేం లేదు, ప్రతి క్రిస్మస్ మీటింగులో మీరే కేకు కట్ చేసి మాకు చెప్తుంటారు. మా చర్చి కప్పు రిపేరుకి అర్జీ పెట్టాం, అది ఒక్క కాగితం దగ్గర ఆగిపోయింది, నేను చెప్పుకునేది దాని గురించి.

మా ఫైలు మీద రాసిన అబ్జెక్షన్ ఇది. స్థలం దస్తావేజు ఊరి సంఘం పేరు మీద లేదు, ఊరి సంఘం సొసైటీగా రిజిస్టర్ అవ్వలేదు, చర్చి ఎప్పటినుంచి నడుస్తుందో ఆధారం జతచేయలేదు. ఈ మూడూ చదివి మా సంఘంలో పెద్దవాళ్ళు నవ్వాలో ఏడవాలో తెలీక నా మొహం చూశారు. నిన్న మొన్న షెడ్డు వేసుకుని మైకు పెట్టుకున్న వాళ్ళని అడిగే ప్రశ్న ఇది అనుకుంటా, అడగండి తప్పులేదు, వాళ్ళ దగ్గర ఆ కాగితాలన్నీ ఫైల్లో పెట్టి నీట్‌గా ఉంటాయి కూడా. మా దగ్గర కాగితం తప్ప అన్నీ ఉన్నాయి.

నిజమే అండీ, మా వాళ్ళదే పొరపాటు. మా మొదటి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు అమెరికా నుంచి ఓడెక్కి 1842 జూలై 31న గుంటూరులో దిగినప్పుడు ముందుగా సొసైటీ రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉండాల్సింది. కాకపోతే చిన్న ఇబ్బంది, మీరు అడిగే ఆ సొసైటీల చట్టం ఈ దేశంలో మొదటిసారి వచ్చిందే 1860లో. ఆయన వచ్చిన 18 ఏళ్ళకి. చట్టం పుట్టేదాకా ఆగి బాప్తిస్మాలు ఇవ్వాలని పాపం ఆ ముసలాయనకి ఎవరూ చెప్పలేదు.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. ఆయన్ని గుంటూరులో ఉండిపొమ్మని అడిగింది ఎవరో తెలుసా? అప్పటి గుంటూరు కలెక్టర్ హెన్రీ స్టోక్స్. కలెక్టరే పిలిచి, ఉండటానికి చోటు చూపించి, బడి నడపటానికి సాయం చేశాడు. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో, రైలు కూడా లేని రోజుల్లో ఒక అధికారికి కుదిరింది. ఇప్పుడు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, వాట్సాప్ గ్రూపు ఉంది, గ్రీవెన్స్ డే ఉంది, పెంకు మాత్రం కదలదు.

హయ్యర్ గారు జర్మనీలో హెల్మ్‌స్టెట్‌లో 1793లో పుట్టాడు, కుర్రతనంలో అమెరికా వెళ్ళాడు. ఇక్కడ కొన్నేళ్ళు చేసి తిరిగి వెళ్ళాక, యాభై దాటిన వయసులో బాల్టిమోర్‌లో కూర్చుని డాక్టరీ చదివి, మళ్ళీ గుంటూరు వచ్చాడు. ఎందుకంటే జనం జబ్బులతో పోతుంటే వట్టి ప్రసంగం చెప్పి ఏం లాభం అని. తర్వాత మా పల్నాడు వచ్చి గురజాలలో కాపురం పెట్టాడు. ఎండాకాలం పల్నాడు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు, మీరు ప్రచారానికి వచ్చినప్పుడు ఏసీ కారులోంచి చెయ్యి మాత్రం బయట పెట్టారు. మూడోసారి 1869లో, రాజమండ్రి మిషన్ వేరే వాళ్ళ చేతికి వెళ్ళిపోబోతుంటే, అమెరికాలో సభలో లేచి నేను వెళ్తానని చెప్పి 76 ఏళ్ళ వయసులో మళ్ళీ ఓడెక్కాడు. ఆ వయసు మనిషి మూడు సముద్రాలు దాటి వచ్చాడు కానీ మా ఫైలు ఒక టేబుల్ మీంచి పక్క టేబుల్ మీదకి రావట్లేదు.

ఆయన ఒక్కడేనా అంటే కాదు. 1844లో వచ్చిన వాల్టర్ గన్ గారు 1851లో గుంటూరులోనే జబ్బుతో పోయాడు. 1858లో ఉనాంగ్స్ట్ గారు వచ్చాడు, వచ్చిన మూడేళ్ళకి అమెరికాలో అంతర్యుద్ధం, అక్కడినుంచి డబ్బులు రావటం కష్టమైపోయింది, అయినా మిషన్‌ని పట్టుకుని ఉండి ముప్పై ఏళ్ళకి పైగా ఇక్కడే చేశాడు. 1883లో డాక్టర్ కుగ్లర్ అమ్మగారు వచ్చారు, ఆవిడ పేరు చెప్తే గుంటూరులో మతంతో పనిలేకుండా ముసలివాళ్ళు ఇప్పటికీ దణ్ణం పెడతారు, మీ చుట్టాల్లో కూడా ఆవిడ పెట్టిన ఆసుపత్రిలో పుట్టిన వాళ్ళు ఎవరో ఒకరు ఉండకుండా ఉండరు. 1885లో మొదలైన ఏసీ కాలేజీలో, అంటే ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో, చదివిన వాళ్ళు అసెంబ్లీలో ఎంతమంది కూర్చున్నారో లెక్క మీకే బాగా తెలుసు.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్న పేర్లు. మా ఊరి సంఘాన్ని నిలబెట్టింది పుస్తకాల్లో లేని వాళ్ళు అండీ. మిషన్ దొరలు గుర్రం మీదో ఎద్దుబండి మీదో ఎప్పుడో ఒకసారి వచ్చి బాప్తిస్మం, ప్రభు భోజన సంస్కారం ఇచ్చి వెళ్ళిపోయేవాళ్ళు. మిగతా రోజులన్నీ ఉపదేశి గారే. పొద్దున బడి పంతులు, సాయంత్రం ప్రార్థన, రాత్రి ఎవరి ఇంట్లో గొడవైతే అక్కడ పంచాయతీ, ఎవరైనా పోతే గుంట తవ్వే దగ్గర కూడా ఆయనే. మా దళిత పల్లె పిల్లల్ని ఊరి బడి గడప ఎక్కనివ్వని రోజుల్లో లూథర్ గారి చిన్న కేటకిజం, అంటే మతబోధ ప్రశ్నలూ జవాబుల పుస్తకం, కంఠతా పట్టిస్తూ దాంతోనే అక్షరాలు దిద్దించారు. మా తాత అట్లా చదువుకున్నవాడే. జీతం అంటారా, మా ఆడవాళ్ళు అన్నం వండేముందు తీసి పక్కన పెట్టిన పిడికెడు బియ్యం. ఆ పద్ధతి మా సంఘంలో ఇంకా ఉంది, మొన్న ఆదివారం కూడా బియ్యం వేలం వేశాం.

ఇప్పుడు ఆధారం సంగతికి వస్తా. మీ వాళ్ళు అడిగారని చర్చి బీరువాలోంచి బాప్తిస్మపు రిజిస్టర్ తీసుకెళ్ళాం. పాత తోలు అట్ట, కుట్లు ఊడిపోతే గోనె దారంతో మా వాళ్ళే మళ్ళీ కుట్టారు. గళ్ళు గీసి ఉంటాయి, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన రోజు, బాప్తిస్మం రోజు, ఇచ్చిన పాస్టరు సంతకం. మొదట్లో సిరా గోధుమ రంగుకి తిరిగింది. చేతిరాత మారిందంటే పాస్టరు మారాడని లెక్క, ఒకాయన అక్షరాలు ముత్యాల్లాగా ఉంటాయి, ఆయన తర్వాత వచ్చినాయన రాత ఆ దేవుడికే తెలియాలి. కరువు వచ్చిన ఏడు చావుల పేజీలు ఎక్కువ, పెళ్ళిళ్ళ పేజీ ఖాళీ. కొన్ని మూలలు చెదలు తినేశాయి. దీన్ని గుడ్డలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్తే, అక్కడున్నాయన ముట్టుకోను కూడా ముట్టుకోకుండా పెన్ను మూతతో ఇటు తోసి, దీని మీద ప్రభుత్వ ముద్ర లేదుగా, చెల్లదు అన్నాడు. గవర్నమెంటు వారి జనన మరణాల రికార్డు మా ఊళ్ళో సరిగ్గా మొదలవ్వకముందు నుంచి మా పాస్టర్లు రాసిన పుస్తకం అది. వయసు రుజువు కావాల్సి ఈ పుస్తకం నకలు తీసుకెళ్ళిన వాళ్ళలో క్రైస్తవులు కానివాళ్ళు కూడా ఉన్నారు, అప్పుడు చెల్లింది మరి.

సరే స్థలం దస్తావేజు. ఆ రోజుల్లో స్థలాలు మిషన్ పేరు మీద రాయించారు. ఊళ్ళో వాళ్ళ పేరు మీద రాస్తే రేపు ఎవడో అమ్ముకుంటాడని భయపడి ఉంటారు, ఇప్పటి రేట్లు చూస్తుంటే ఆ భయం తప్పు అని నేను అనలేను. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చ్ ఏర్పడ్డాక ఆస్తులు క్రమంగా దొరల చేతిలోంచి మన చేతికి వచ్చాయి, అంటే మొత్తం సంఘానికి, విడిగా మా ఊరికి కాదు. ఊరి సంఘం సొంతంగా ఒక సొసైటీ పెట్టుకోవడం మా పద్ధతిలో లేదు. పెట్టుకున్నామంటే విడిపోయినట్టే. మీరు చెప్పేది ఎట్లా ఉందంటే తండ్రి మీద అలిగి వేరు పడి వస్తేనే కొడుక్కి రేషన్ కార్డు ఇస్తామన్నట్టు ఉంది. ఇల్లు పగలగొట్టుకుంటే గానీ కప్పు వెయ్యరా సార్?

కప్పు అంటే గుర్తొచ్చింది, ఇంతకీ అడిగింది కప్పే కదా. మాది మంగుళూరు పెంకుల కప్పు, టేకు దూలాలు. ఉత్తరం వైపు దూలానికి చెదలు పట్టి కిందకి వంగింది, సరివి బొంగులు ఊతంగా నిలబెట్టాం, ఆ బొంగుల మధ్యలోంచి దూరి ఆడవాళ్ళు వాళ్ళ వైపు వెళ్ళి కూర్చుంటారు. అప్పటి పెంకు కొలత ఇప్పుడు దొరకట్లేదు, పగిలిన చోట ఫ్లెక్సీలు కప్పాం. ఫ్లెక్సీల మీద ఉంది కూడా మీ నాయకుల బొమ్మలే, ఆ విధంగా మీ నీడలో ఉన్నాం. పోయిన వానాకాలం సంస్కారపు ఆదివారం నాడు పాస్టరు గారు రొట్టె, ద్రాక్షరసం ఇస్తుంటే బల్ల మీద నీళ్ళు పడుతున్నాయని సంఘ పెద్ద ఆయన పక్కన నిలబడి గొడుగు పట్టాడు. పిల్లలు నవ్వారు. ఎవరూ వాళ్ళని గదమాయించలేదు.

మీ ఇంజనీరు గారు వచ్చారండీ, రాలేదని అబద్ధం చెప్పను. టేపు పెట్టి కొలిచారు, ఫోటోలు తీసుకున్నారు, మజ్జిగ తాగారు, అర్జెంటుగా చెయ్యాల్సిన పనే అన్నారు, ఎస్టిమేట్ వేశారు, మా వాళ్ళు శాంక్షన్ అయిందనుకుని ఆ ఆదివారం కృతజ్ఞత కానుక కూడా పట్టేశారు. తర్వాత మీరు పైన చదివిన అబ్జెక్షన్. దానికి సమాధానం ఇస్తే ఆ సమాధానానికి ఇంకో అబ్జెక్షన్. ఆఖరికి వచ్చిన కొర్రీ ఏంటంటే మీ ఊళ్ళో క్రైస్తవ కుటుంబాలు రికార్డు ప్రకారం చాలా తక్కువ ఉన్నాయి కదా, ఇంత పెద్ద చర్చి ఎందుకు అని. ఈ ప్రశ్న అడిగినాయనకి సమాధానం తెలీక కాదు. క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదనే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఉన్నంతకాలం మా పల్లెల్లో సర్టిఫికెట్ మీద ఒకటి, ఆదివారం ఒకటి ఎందుకు ఉంటుందో ఈ రాష్ట్రంలో అందరికీ తెలుసు, మన అసెంబ్లీయే 2023 మార్చిలో దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇమ్మని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. పంపిన వాళ్ళే మళ్ళీ మా తలలు లెక్కపెట్టి తక్కువున్నారంటే ఏం చెప్పాలి. దాని మీద ఇక్కడ ఇంతకంటే రాయను.

పాస్టర్ల గౌరవ వేతనం కూడా ఇదే కాగితం దగ్గర ఆగింది. నెలకి 5000. మా పాస్టరు గారు సెమినరీలో ఏళ్ళ తరబడి చదివి అభిషేకం పొందిన మనిషి, మాతో కలిపి ఇంకో నాలుగు ఊళ్ళు చూసుకుంటారు, బండికి పెట్రోలు సొంతంగా పోసుకుంటారు. అర్జీ పెట్టండి అంటే, వద్దులే అయ్యా, ముందు కప్పు సంగతి చూద్దాం అంటారు. ఆయన అడగట్లేదు కాబట్టి నేను అడుగుతున్నా. బడి సంగతి, సమాధుల తోట దారి సంగతి అసలు ఎత్తట్లేదు, ఎత్తితే మీకు కోపం వస్తుంది.

అయ్యా, మేం కొత్త చర్చి అడగలేదు. గోపురం అడగలేదు. ఏసీలు అడగలేదు. ఇంజనీరు గారు వేసిన ఎస్టిమేట్ ఉందిగా, దూలాలు, పెంకులు, కూలీ, అంతే. పాత మిషన్ సంఘాలకి దస్తావేజు ఆ ఊరి పేరు మీదే ఉండాలన్న రూలు తీసెయ్యండి, లేదా మొత్తం సంఘం పేరు మీద ఉన్న కాగితాన్నే ఒప్పుకోమని కింద వాళ్ళకి ఒక మెమో పంపించండి, ఆ మెమో మీద సంతకానికి మీకు అర నిమిషం పడుతుంది. రిజిస్టర్లని ఆధారంగా తీసుకోమనండి. తీసుకోలేమంటే ఎవరినైనా పంపండి, మా చర్చిలో కూర్చుని పేజీ పేజీ చూసుకోవచ్చు, వానలేని రోజు అయితే మంచిది. ఇదీ కుదరదంటే కుదరదని కాగితం మీద రాసివ్వండి, మేం పిడికెడు బియ్యంతోనే ఎన్నేళ్ళు పట్టినా వేసుకుంటాం, కానీ ప్రతి క్రిస్మస్‌కి మమ్మల్ని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టి స్కీం గురించి చెప్పడం మాత్రం ఆపండి.

దూలం మాత్రం మెమో కోసం ఆగదండీ. ఈసారి వానలకి అది పడితే ఆదివారం పొద్దున పడకూడదని మాత్రం రోజూ ప్రార్థన చేసుకుంటున్నాం. ఎస్టిమేట్ నకలు, ఇంజనీరు గారు తీసిన ఫోటోలు, రిజిస్టర్ మొదటి పేజీ జిరాక్స్ మళ్ళీ ఇంకోసారి మీ పేషీకి రిజిస్టర్ పోస్టులో పంపాను. ఈసారైనా అందినట్టు ఒక ముక్క చెప్పించండి.

ఇట్లు,
మీ ఓటరు, ఒక పల్లె లూథరన్ సంఘ సభ్యుడు