ఆన్యో నుయేవో శీతాకాలపు నడకల కట్టుబాటును సడలించవద్దు: కాలిఫోర్నియా స్టేట్ పార్క్స్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టర్ గారికి,

మేము ఫ్రీమాంట్‌లో నివసిస్తున్న తెలుగు దంపతులం. గత జనవరిలో ఒక ఆదివారం నేనూ నా భార్యా శాన్ మటేయో కౌంటీ దక్షిణపు కొసన ఉన్న ఆన్యో నుయేవో స్టేట్ పార్కుకు వెళ్లి, చీకటి పడే వేళకు ఇల్లు చేరాము. అక్కడ ఎలిఫెంట్ సీళ్లను (వేలాడే పెద్ద ముక్కున్న భారీ సముద్ర జంతువులను) చూడటానికి ఉన్న శీతాకాలపు నిబంధనల విషయమై మీకొక విన్నపం చేసుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. దీని ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాము. తెలుగులో ప్రకటించడానికి కారణం, ఆ నిబంధనల మీద విసుక్కునే వారిలో మావాళ్లు తక్కువేమీ కాకపోవడమే.

డిసెంబరు 15 నుంచి మార్చి 31 వరకు, ఎలిఫెంట్ సీళ్లు ఒడ్డుకు చేరి ఈని జతకట్టే కాలంలో, ఆ ఇసుకదిబ్బల వైపు ఎవరూ సొంతంగా వెళ్లడానికి వీల్లేదు. ముందుగా టికెట్టు కొనుక్కుని, గైడు వెంట, చిన్న గుంపుగా మాత్రమే నడవాలి. వాన పడినా నడక ఆగదు. వారాంతపు టికెట్లు ముందే అయిపోతుంటాయి. ఊరి నుంచి తల్లిదండ్రులు వచ్చి ఆర్నెల్లు ఉండే ఇళ్లలో, శనివారం పొద్దున కాఫీ తాగుతూ ఈ పూట ఎక్కడికి వెళ్దామా అని ఆలోచించేవారికి ఇది చిరాకు కలిగించే మాట నిజమే. పార్కింగుకు డబ్బు కట్టాక మళ్లీ మనిషికింత అని టికెట్టెందుకు, సముద్రపు ఒడ్డున నడవడానికి గైడెందుకు అని మా స్నేహితులే అడిగారు. అటువంటి ఫిర్యాదులు మీకు ఎన్ని వచ్చినా, టికెట్ల మీద రాబడి పెంచుకొమ్మని పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా, ఈ ఏర్పాటును సడలించవద్దని, గుంపుల పరిమాణం పెంచవద్దని మా మనవి.

ఎందుకో మేము చూసినదాన్ని బట్టే చెబుతాను. రానూ పోనూ మూడు మైళ్ల నడకలో చివరి భాగమంతా మెత్తటి ఇసుక. ఒక దిబ్బ మలుపు దగ్గర మా గుంపును నడిపిస్తున్న వలంటీరు చెయ్యెత్తి అందరినీ ఆపారు. దారికి అడ్డంగా ఒక మగ సీలు పడుకుని ఉంది. అది తలెత్తి, వేలాడే ముక్కును నోటి మీదికి వంచి, ఖాళీ డ్రమ్మును దుడ్డుకర్రతో బాదినట్టు ఆగి ఆగి అరిచింది. దాదాపు రెండు టన్నుల బరువుండే జంతువు అది. పోటీ మగదాన్ని తరమాలనుకుంటే చూస్తుండగానే ఇసుక మీద దూసుకువస్తుంది, మధ్యలో మనిషి ఉన్నాడా లేడా అన్నది దానికి పట్టదు. వలంటీరు గారు వెనక వస్తున్న గుంపుకు వాకీటాకీలో కబురు చెప్పి, మమ్మల్ని పక్క దిబ్బ మీదుగా చుట్టు తిప్పి తీసుకువెళ్లారు. కనీసం 25 అడుగుల దూరం ఉండాలని బోర్డు రాసి పాతినంత మాత్రాన ఈ పని జరగదు. సీళ్లు బోర్డులు చూసి పడుకోవు. రాత్రికి రాత్రే దారులు మారిపోతాయి.

మనిషికి ప్రమాదం ఒక సంగతి, సీలు పిల్లలకు ప్రమాదం ఇంకో సంగతి. కాసేపటికి సీగల్స్ గుంపు ఒకే చోట దిగి కీచులాడుకోవడం కనిపించింది. అక్కడ ఇప్పుడే ఒక సీలు ఈనిందని, కాన్పులో పడిన మాయ కోసం పక్షులు కొట్టుకుంటున్నాయని గైడు చెప్పాక గానీ, తల్లి పక్కన ముడతలు పడిన నల్లటి పిల్ల మా కంట పడలేదు. నా భార్య బైనాక్యులర్స్ నాకు ఇవ్వకుండా చాలాసేపు అటే చూస్తూ నిలబడింది. ఆ తల్లి సుమారు నాలుగు వారాలు ఏమీ తినకుండా ఒంట్లోని కొవ్వునే పాలుగా మార్చి ఇస్తుంది. పుట్టినప్పుడు 75 పౌండ్లున్న పిల్ల ఆ నెలలోనే 300 పౌండ్ల దాకా పెరుగుతుంది. తర్వాత తల్లి సముద్రంలోకి వెళ్లిపోతుంది, ఆ పిల్ల కోసం మళ్లీ రాదు. ఇంత బిగువైన లెక్కలో, ఫోటో కోసం ఎవరో దగ్గరికి వెళ్లి తల్లిని బెదరగొడితే, తప్పిపోయిన పిల్లకు పాలిచ్చేవారుండరు. పోట్లాడుకునే మగవాటి కింద నలిగిపోవచ్చు కూడా.

ఆ తీరానికి ఇవి ఎప్పటి నుంచో అలవాటుపడిన జంతువులని చాలామంది అనుకుంటారు. కానీ పంతొమ్మిదో శతాబ్దంలో దీపాలకూ యంత్రాలకూ నూనె కావాలని వేటాడి వేటాడి, చివరికి మెక్సికోకు చెందిన గ్వాడలూప్ ద్వీపంలో నూరు లోపు మాత్రమే మిగిల్చారు. 1922లో మెక్సికో ప్రభుత్వం రక్షణ కల్పించాక అవి మెల్లగా ఉత్తరానికి వ్యాపించాయి. ఆన్యో నుయేవో ద్వీపం మీద మళ్లీ కనిపించింది 1955లో. అక్కడ పిల్లలు పుట్టింది 1961లో. మేము నడిచిన ప్రధాన భూభాగంలో మొదటి పిల్ల పుట్టింది 1975లో. అంటే ఆ ఇసుక మీద వాటి కాపురం మా పెళ్లినాటి కంటే మరీ పాతదేమీ కాదు. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్‌కు గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లను చిన్నప్పటి నుంచి ఎరిగిన మాకు, జంతువు ఒడ్డును నమ్ముకుని రావడమంటే ఏమిటో కొంత తెలుసు.

కాబట్టి బడ్జెట్టు బిగించవలసి వస్తే మరెక్కడైనా బిగించండి గానీ, ఆ వలంటీర్ల శిక్షణకు పెట్టే ఖర్చు జోలికి పోవద్దని కోరుతున్నాము. ఆ రెండున్నర గంటల్లో మేము పొందినదంతా వారి చలవే.

అయితే ఒక్క మార్పు మాత్రం మేమూ అడుగుతున్నాము. మూడు మైళ్లు ఇసుకలో నడవడం మోకాళ్ల నొప్పులున్న పెద్దవారి వల్ల కాదు. చక్రాల కుర్చీ వెళ్లగలిగే చెక్కబాట మీది నడకలను సీజనులో ఇంకొన్ని రోజులకు పెంచగలిగితే, కట్టుబాటు చెడకుండానే వృద్ధులకు దారి దొరుకుతుంది. వచ్చే శీతాకాలం మా అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తున్నారు. భారతదేశం నుంచి విమానం టికెట్లు చాలా ముందుగా కొనవలసి ఉంటుంది గనుక, ఆ నడకల తేదీలను ఆగస్టు లోపే ప్రకటించే ఏర్పాటు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
భవదీయులు,
ఫ్రీమాంట్ నుంచి ఒక తెలుగు దంపతులు