ఆకలికి మనోబలంతో పనేంటి?

ఎడిటర్ గారికి,

మీ ఆదివారం అనుబంధంలో బరువు తగ్గే చార్టులు తరచూ వేస్తున్నారు. పొద్దున గోరువెచ్చటి నీళ్లు, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రికి సూపు. వేయండి, తప్పులేదు. కానీ ప్రతిసారీ కింద "మనోబలం ఉంటే చాలు" అని రాయడమే నాకు మింగుడుపడట్లేదు.

మా చెల్లి డైట్ మొదలుపెట్టిన దగ్గర్నుంచీ రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్లో బిర్యానీ వీడియోలు చూస్తోంది, ఆఫీసులో కూర్చున్నా ఆవకాయన్నమే గుర్తొస్తోందంటుంది, మళ్లీ తనే "నాకసలు నోటి మీద అదుపు లేదక్కా" అని తిట్టుకుంటుంది.

ఈ అదుపు సంగతి రెండో ప్రపంచ యుద్ధం నాడే తేలింది. అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 1944 చివర్లో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. అందరూ ఇష్టపడి వచ్చినవాళ్లే. దాదాపు ఆరు నెలలు వాళ్లు మామూలుగా తినేదాంట్లో సగమే పెట్టారు, రోజుకి 1,600 కేలరీలకి అటూఇటూగా (మన చార్టుల్లో 1,200 అని ధైర్యంగా రాసేస్తుంటారు!). వారానికి 22 మైళ్లు నడిపించారు కూడా. ఇక చూడండి, వాళ్లకి తిండి తప్ప వేరే ధ్యాస లేదు. వంటల పుస్తకాలు పోగేశారు, కలల్లోనూ తిండే, కంచాలు నాకారు, ఉన్న కాస్తనీ గంటల తరబడి కెలుకుతూ తిన్నారు. తర్వాత కడుపునిండా పెట్టినా కొందరికి చాన్నాళ్లు తృప్తి లేదు. అసలు వీళ్లెవరంటే, నమ్మిన సిద్ధాంతం కోసం, చుట్టూ జనం ఏమన్నా సరే, తుపాకీ పట్టబోమని చెప్పినవాళ్లు. వాళ్లకి లేదా మనోబలం?

తిండి గురించి ఆలోచించకూడదని పట్టుబడితే ఇంకా చేటు. తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని చెబితే మనుషులకి అదే పదేపదే గుర్తొచ్చిందని డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో చూపించాడు.

షుగరో ఇంకోటో ఉండి డాక్టరు చెప్పిన పథ్యం మానమని నేననట్లేదు. కడుపు మాడ్చుకుంటే బుర్ర తిండి చుట్టూనే తిరుగుతుందని, అది శరీరం చేసే పనేనని చార్టు పక్కనే ఒక సైకియాట్రిస్టు చేత రాయించండి. తిన్నాక వాంతి చేసుకోవడం, నలుగురిలో తినడానికి భయపడడం దాకా వచ్చినవాళ్లు డైటీషియన్ దగ్గర ఆగిపోకుండా మానసిక వైద్యుల దగ్గరికీ వెళ్లాలని కూడా వేయండి. మా చెల్లి మీ అనుబంధం వదలకుండా చదువుతుంది, నేను చెబితే వినదు.

– ఒక పాఠకురాలు, విజయనగరం