లైటు వెలిగితే పార్టు మార్చేయడమేనా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ వాహనాల పేజీలో ఒక పాఠకుడి ప్రశ్నకు ఇచ్చిన జవాబు చదివాను. కోపం చల్లారాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. చల్లారలేదు. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే పి0420 కోడ్ వచ్చింది, ఏం చేయాలని ఆయన అడిగారు. క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) పోయింది, కొత్తది వేయించుకోండని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆ కోడ్ చెప్పేది అది కాదు. కన్వర్టర్ పనితీరు ఉండాల్సిన దానికంటే తగ్గినట్టు కనిపిస్తోందని మాత్రమే చెబుతుంది. కారులోని కంప్యూటర్ కన్వర్టర్ లోపలికి తొంగి చూడలేదు కదా. కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఉండి పొగలోని ఆక్సిజన్‌ను పసిగట్టే సెన్సర్లు చెప్పిందే దానికి తెలుసు. మామూలు రకం సెన్సర్ అయితే ముందుదాని వోల్టేజి సుమారు 0.1 నుంచి 0.9 వరకు అదేపనిగా ఊగుతుంటుంది. కన్వర్టర్ బాగుంటే ఆక్సిజన్‌ను తనలో దాచుకుని అవసరమైనప్పుడు వదులుతుంది కాబట్టి, స్కానర్ తెర మీద వెనక సెన్సర్ వోల్టేజి గీత 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటుంది. ఆ గీత కూడా ముందుదానిలా ఎగిరిపడితే లైటు వెలుగుతుంది. ఎందుకు ఎగిరిపడుతోందో తెలుసుకోవడమే అసలు పని. అది చేసే ఓపిక ఎవరికీ ఉండటం లేదు.

నా అనుభవం చెబుతాను. నా కారుకూ ఇదే కోడ్ వచ్చింది. గ్యారేజీలో బానెట్ కూడా ఎత్తకుండా, స్కానర్ తెర చూసి కన్వర్టర్ మార్చేశారు. రెండు నెలలకు లైటు మళ్లీ వెలిగింది. ఈసారి సెన్సర్ మార్చాలన్నారు. అప్పుడు వేరే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బండిని రాత్రంతా షెడ్డులోనే ఉంచమన్నారు. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి, సైలెన్సర్ చివర మందపాటి తడిగుడ్డ అదిమిపట్టమని కుర్రాడికి చెప్పి, తాను కింద పడుకుని చెవి పెట్టారు. కన్వర్టర్‌కు ముందున్న జాయింటు దగ్గర బుస్ బుస్‌మని చప్పుడు. టార్చి వేసి చూపించారు. జాయింటు మధ్య గాలి పోకుండా బిగించే గాస్కెట్ అంచున వేలెడు మేర నల్లటి మసి చార ఉంది. అక్కడినుంచి బయటి గాలి లోపలికి లాగేసుకుంటోంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌తో సెన్సర్ల లెక్క తప్పుతోంది. గాస్కెట్ మార్చి, కోడ్ చెరిపేశారు. లైటు మళ్లీ రాలేదు. నా పాత కన్వర్టర్ ఏదని మొదటి గ్యారేజీలో అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. అందులో ప్లాటినం, పల్లేడియం, రోడియం అనే ఖరీదైన లోహాలు ఉంటాయి. దాన్ని చూపించాలని, తిరిగి ఇవ్వాలని కూడా వాళ్లకు అనిపించలేదు.

నిజంగానే కన్వర్టర్ పోయిన కార్లూ ఉంటాయి, కాదనను. కానీ అది చాలాసార్లు దానంతటది పోదు. ప్లగ్గో ఇగ్నిషన్ కాయిలో సరిగా పనిచేయక మిస్‌ఫైర్ అవుతుంటే, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా అంటుకోకపోతే, మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. తేనెపట్టులాంటి పింగాణీ గదులు ఆ వేడికి కరిగిపోతాయి. ఇంజిన్ ఆయిల్ తాగే బండి అయితే ఆయిల్‌లోని ఫాస్ఫరస్ పూతలా పట్టేస్తుంది. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ లోపలికి కారినా ఇంతే. ఆ జబ్బు నయం చేయకుండా కొత్త కన్వర్టర్ బిగిస్తే అదీ అదే దారిన పోతుంది. మిస్‌ఫైర్ కోడ్‌లు ఏమైనా ఉన్నాయా, ఎక్కడైనా లీకు ఉందా, బండి ఇంధనం ఎక్కువ తాగుతోందా అని చూశాకే కన్వర్టర్ మాట ఎత్తాలి. మీ జవాబులో వీటిలో ఒక్కటైనా లేదు.

ఇంకో ఘోరం కూడా జరుగుతోంది. వెనక సెన్సర్‌ను పొగకు కాస్త దూరం జరిపే స్పేసర్ అనే ముక్క బిగించి లైటు రాకుండా చేస్తున్నారు. కన్వర్టర్ లోపలిదంతా పగలగొట్టి ఖాళీ డబ్బా పెడుతున్నారు. స్పేసర్ వల్ల లైటైతే ఆరిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్, మండని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం నేరుగా రోడ్డు మీదికి వస్తాయి. బడికి నడిచి వెళ్లే పిల్లలు పీల్చేది ఆ గాలినే. పొగ తనిఖీ చేసేవాళ్లు సైలెన్సర్‌లో పరికరం గొట్టం పెట్టి, అంకె చూసి కాగితం చేతిలో పెడతారు. వంగి బండి కింద అసలు కన్వర్టర్ ఉందో లేదో చూసిన అధికారి నాకు ఇంతవరకు కనిపించలేదు. అమెరికాలో 1975 మోడల్ కార్ల నుంచే ఇవి వచ్చాయి. కంప్యూటరే కన్వర్టర్‌ను గమనించే ఏర్పాటు 1996 నుంచి అక్కడి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరైంది. ఇన్నేళ్ల తర్వాత కూడా స్కానర్ చూపించిన పేరు చదివి ఆ పార్టు మార్చడాన్నే రిపేరు అంటుంటే ఏం చెప్పాలి? పత్రిక కూడా అదే మాట అచ్చేస్తే ఇక జనం ఎవరిని అడగాలి?

దయచేసి అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. ఆ ప్రశ్న అడిగినాయన ఇంకా కన్వర్టర్ మార్పించుకోకపోతే, ముందు పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ జాయింటు దగ్గర ఎవరితోనైనా ఒకసారి చెవి పెట్టించమని చెప్పండి.

– ఒక పాఠకుడు