‘జాతి’ అనే మాట, సమాజశాస్త్రంలో తొలి పాఠం: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో సమాజశాస్త్రం బోధిస్తున్న అధ్యాపకురాలిని. మొదటి సంవత్సరం విద్యార్థులకు చెప్పే ప్రవేశ పాఠాల్లో రేస్ (పుట్టుకతో వచ్చే శరీర లక్షణాలను బట్టి మనుషుల్ని గుంపులుగా విడదీసే ఆలోచన), ఎథ్నిసిటీ (భాష, ఆచారాలు, జ్ఞాపకాలతో ఒక సమూహం తమదిగా పట్టుకునే గుర్తింపు) గురించిన పాఠం ఒకటి ఉంటుంది. మా దగ్గర వాడుకలో ఉన్న కొన్ని పుస్తకాల్లోనూ, ఏళ్ళ తరబడి చేతులు మారుతూ వచ్చిన నోట్సులోనూ, పోటీ పరీక్షల గైడ్లలోనూ ఈ పాఠం ఉన్న తీరు మారాలని, మార్చే అధికారం మీ చేతిలో ఉందని విన్నవించుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట ఒక ఉదయం బోర్డు మీద పట్టిక గీసి, శరీర లక్షణాలను బట్టి భారతీయులను విభజించిన మానవశాస్త్రవేత్త బి.ఎస్. గుహా వర్గీకరణ చెబుతున్నాను. నీగ్రిటో, ప్రోటో-ఆస్ట్రలాయిడ్, మంగోలాయిడ్, మెడిటరేనియన్, వెస్టర్న్ బ్రాకీసెఫాల్, నార్డిక్ అని ఆరు పేర్లు, వాటి ఎదురుగా తల ఆకారం, ముక్కు వెడల్పు, ఒంటి రంగు, చివరి గడిలో ఉదాహరణలు. రెండో వరుసలో చెంచుల పేరు రాశాను. నల్లమలలోని ఒక గూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న అమ్మాయి లేచి నిలబడి, ‘మా ముక్కులు చూసి మమ్మల్ని ఆ గడిలో ఎవరు రాశారు మేడమ్?’ అని అడిగింది. 1931 జనాభా లెక్కల సందర్భంగా గుహా రాశారని పేరూ సంవత్సరమూ చెప్పి తరువాతి వరుసకు వెళ్ళిపోయాను. ఆమె అడిగింది అది కాదని ఇంటికి వెళ్ళే దారిలో బస్సులో అర్థమైంది. మనుషుల్ని గడుల్లో రాసే అధికారం ఎవరికి, ఎలా వచ్చిందని ఆమె అడిగింది. నిజానికి ఆ పాఠం మొత్తం ఆ ప్రశ్నకు జవాబు కావాలి. మా పుస్తకాల్లో మాత్రం పట్టిక ఉంది, ఆ జవాబు లేదు.

ఈ చిక్కులో సగం మన భాషలోనే ఉందని నేను అనుకుంటాను. తెలుగు జాతి అంటాం, మానవ జాతి అంటాం, జాతీయ జెండా అంటాం, నల్లజాతి అంటాం, గిరిజన జాతులు అంటాం, ఒంగోలు జాతి గిత్త అని కూడా అంటాం. భాష మాట్లాడే ప్రజలు, జీవులలో ఒక రకం, దేశం, ఒంటి రంగు, తెగ, పశువుల మేలురకం అన్నిటికీ ఒకే మాట. ఈ మాటతో పెరిగిన విద్యార్థికి రేస్ అనేదాన్ని ‘జాతి’ అని పరిచయం చేస్తే, ఒంగోలు గిత్తకు మూపురం ఎంత సహజమో మనుషుల జాతికి ముక్కు, రంగు అంత సహజమని అతను అనుకోవడంలో వింత ఏముంది? ‘వర్ణ వివక్ష’ది మరో తిప్పలు. దక్షిణాఫ్రికా గురించి అడిగిన ప్రశ్నకు చాతుర్వర్ణ్యం గురించి రెండు పేజీలు రాసిన జవాబుపత్రాలు నేను దిద్దాను. పుస్తకం ఏ మాధ్యమంలో ఉన్నా మా తరగతిలో వివరణ నడిచేది తెలుగులోనే, పిల్లల మనసులో నిలిచేది తెలుగు మాటే కాబట్టి ఈ సంగతిని చిన్నదిగా చూడకూడదు.

ఇక ఆ పట్టికల పుట్టుక. 1901 జనాభా లెక్కల కమిషనర్‌గా పనిచేసిన హెర్బర్ట్ రిస్లీ భారతీయులను ఏడు రకాలుగా విభజించాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి 100తో గుణిస్తే వచ్చే అంకెకు ముక్కు సూచిక అని పేరు. అది 70 లోపు ఉంటే సన్నముక్కు, 85 దాటితే చప్పిడిముక్కు. కులం హోదా పెరిగేకొద్దీ ముక్కు సన్నబడుతుందని రిస్లీ వాదించాడు. అదే లెక్కల్లో కులాలను సామాజిక హోదా క్రమంలో పేర్చాలని చూస్తే, తమ స్థానం మార్చమని దేశమంతటి నుంచి కులసంఘాలు అర్జీలు పెట్టుకున్నాయి. ప్రకృతి నిర్ణయించిందని చెప్పిన వరుస అర్జీతో మారుతుందా అని ఒక్క మాట అడిగితే చాలు, తరగతిలో చర్చ మొదలవుతుంది. అప్పుడు మన జిల్లాలు ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ కొలతల పని చేసినవాడు ఎడ్గర్ థర్స్టన్. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా ఉంటూ ఊరూరా మనుషుల తలలు, ముక్కులు కొలిపించి, కె. రంగాచారి సహాయంతో 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. వాటిలో మన ఆచారాల గురించిన విలువైన సమాచారం ఉన్నమాట నిజమే. కానీ ఒక మనిషి ఏ కులంలో పుట్టాడన్నది అతని ఎముకలో కనిపిస్తుందన్న నమ్మకంతో చేసిన కొలతలు అవి.

ఈ వాదాన్ని కూల్చినవాళ్ళలో మనవాళ్ళే ముందున్నారన్నది మా విద్యార్థులకు దాదాపు తెలియదు. సమాజశాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే 1932లో రిస్లీ కొలతలనే మళ్ళీ పరిశీలించి, నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం దాటితే ముక్కుకూ కుల హోదాకూ పొంతన కుదరడం లేదని చూపించారు. డాక్టర్ అంబేద్కర్ 1936లో మరింత సూటిగా అడిగారు: పంజాబ్ బ్రాహ్మణుడికీ పంజాబ్ చమార్‌కూ, మద్రాసు బ్రాహ్మణుడికీ మద్రాసు పరయాకూ రేస్ రీత్యా తేడా ఎక్కడుందని. ముక్కు కొలతల లెక్కలనే చేతబట్టి, అంటరానితనానికి రేస్ మూలం కాదని 1948లో మళ్ళీ వాదించారు. అటు అమెరికాలో మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ వలస వచ్చినవారినీ వారి పిల్లలనూ కలిపి దాదాపు 18 వేల మందిని కొలిచి, తల ఆకారం ఒక్క తరంలోనే మారుతోందని 1911 నాటికే చెప్పాడు. గుహా వర్గీకరణను పుటల కొద్దీ కంఠస్థం చేయించే పుస్తకం ఘుర్యేకు, అంబేద్కర్‌కు ఈ సందర్భంలో ఒక్క పేరా కేటాయించకపోతే ఆ పుస్తకం అబద్ధం చెప్పిందని అనను, సగం దగ్గర ఆపిందని అంటాను.

జన్యుశాస్త్రం వచ్చాక పరిస్థితి మరింత స్పష్టమైంది. మనుషుల మధ్య ఉన్న జన్యు వైవిధ్యంలో సుమారు 85 శాతం ఒక్కొక్క జనసముదాయం లోపలే కనిపిస్తుందని, రేసులుగా పిలిచే పెద్ద గుంపుల మధ్య ఉన్నది ఆరు శాతం దరిదాపుల్లోనేనని జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1972లో లెక్కగట్టాడు. మనకు దగ్గరలోనే, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా పరిశోధకులతో కలిసి 2009లో 25 సముదాయాల నమూనాలను విశ్లేషించి, వాటిలో ఎక్కువ భాగం రెండు ప్రాచీన జనాల కలయికేనని తేల్చారు. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి వరకు సాగి, తరువాత కులాంతర వివాహాలు తగ్గిపోయాయని 2013లో చెప్పారు. ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ఎదురు ప్రశ్న వేస్తాడు, వేయాలి కూడా: ఆంధ్రలోని వైశ్య సముదాయంలో కొందరికి శస్త్రచికిత్స సమయంలో కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు పడదని డాక్టర్లే చెబుతారు కదా, మరి కులానికీ శరీరానికీ సంబంధం లేదంటారేమిటని. సంబంధం ఉంది, కానీ అది నడిచే దిశ వేరు. ఆ సముదాయం వందకు పైగా తరాలుగా లోపలే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల ఒక జన్యులక్షణం వారిలో ఎక్కువగా నిలిచిపోయింది. మనుషులు పెట్టుకున్న వివాహ నియమం రక్తంలో ఆనవాలు వదిలింది తప్ప, రక్తం ఆ నియమాన్ని పుట్టించలేదు. సామాజిక నిర్మితి, అంటే ప్రకృతి ఇచ్చింది కాక మనుషులు ఏర్పరచుకున్నది, అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

చట్టం రేస్‌ను ఎలా తయారు చేస్తుందో చెప్పాలంటే 1923 నాటి భగత్ సింగ్ థింద్ కేసు చెప్పాలి. అమెరికాలో 1790 చట్టం ప్రకారం వలస వచ్చినవారిలో ‘శ్వేతజాతి’ వారికే పౌరసత్వం. తెల్లవాడంటే కాకేషియన్ అని అక్కడి సుప్రీంకోర్టు 1922 నవంబరులో ఒక జపాన్ దేశస్థుడి దరఖాస్తును కొట్టివేస్తూ చెప్పింది. అయితే నేను కాకేషియన్‌నే కదా అని, అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ థింద్ వాదిస్తే, మూడు నెలలు దాటగానే అదే కోర్టు శాస్త్రం సంగతి పక్కనపెట్టి, సామాన్య జనం దృష్టిలో తెల్లవాడు కానివాడు తెల్లవాడు కాదని తీర్పు చెప్పింది. అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయుల్లో పలువురు కూడా దాన్ని పోగొట్టుకున్నారు. ఆ తలుపు 1946లో గానీ మళ్ళీ తెరుచుకోలేదు. 1930, 1940 జనాభా లెక్కల్లో అక్కడ ‘హిందూ’ అనేది ఒక రేస్. 1970లో భారతీయులను తెల్లవారితో కలిపి లెక్కించారు. 1980 నుంచి ‘ఆసియన్ ఇండియన్’ అన్న గడి వచ్చింది. ఇవాళ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మన తెలుగు కుటుంబాలు టిక్కు పెట్టే గడి అదే. అంత దూరం పోనక్కరలేదు కూడా. ఒకే లంబాడీ కుటుంబంలోని అన్నదమ్ములు కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం, మన దగ్గర షెడ్యూల్డ్ తెగ, మహారాష్ట్రలో విముక్త జాతి (ఒకప్పటి ‘నేరస్థ జాతి’ ముద్ర తొలగించిన వర్గం). ఇది చెప్పి రిజర్వేషన్లను ప్రశ్నించడం నా ఉద్దేశం కానే కాదు. అన్యాయం వర్గాల వారీగా జరిగినచోట పరిహారమూ వర్గాల వారీగానే జరగాలి. ఆ వర్గాలను గీసింది ప్రభుత్వాలేనని విద్యార్థికి తెలియాలన్నదే నా కోరిక.

అన్నిటికంటే నన్ను బాధించేది బాపట్ల పక్కనే ఉన్న ఎరుకలవారి ఊరు స్టువర్టుపురం ఏ పాఠంలోనూ కనబడకపోవడం. ఎరుకలవారు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మినవారు, బుట్టలు అల్లినవారు, ఎరుక చెప్పినవారు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, ఆపైన రైళ్ళు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. ఉత్తరాదిలో 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఆ చట్టం కింద ఒక సముదాయాన్ని ప్రకటిస్తే చాలు, అందులో పుట్టిన బిడ్డ నేరస్థుడిగానే అనుమానితుడు; వేలిముద్రలు ఇవ్వాలి, పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం సెటిల్మెంటు వెలిసింది, మద్రాసు ప్రభుత్వ ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద. చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరు చెబితే మొహం మారడం మాత్రం మన సినిమాల్లోనూ బస్సుల్లోనూ నేటికీ పోలేదు. రేస్‌కూ ఎథ్నిసిటీకీ తేడా అడిగితే నేనిప్పుడు ఇదే చెబుతున్నాను. ఎరుకలవారి కుర్రు భాష, పెద్దల జ్ఞాపకాలు, ఎరుక చెప్పే విద్య వారు తమదిగా పట్టుకున్నవి, అది ఎథ్నిసిటీ. పుట్టుకతోనే నేరస్వభావం ఉందని బయటివారు రిజిస్టరులో రాసింది రేస్ ఆలోచన. ఈ రెండింటినీ తెలుగులో ‘జాతి’ అనే అంటున్నాం, నేరస్థ జాతి అనీ విముక్త జాతి అనీ. ముద్ర వేసినా తీసేసినా అదే మాట.

సామాజిక నిర్మితి అనగానే ‘అయితే అది లేనట్టే కదా’ అని తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఒకటుంది. రూపాయి నోటు కూడా మనుషుల ఒప్పందమే, అయినా దానితోనే బియ్యం కొంటాం. 2014లో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన యువకుడు దాడికి గురై మరణించాక ఈశాన్య రాష్ట్రాలవారి సమస్యలపై కేంద్రం బెజ్‌బరువా కమిటీని వేసింది, మొహం చూసి పెట్టే పేర్లు ఎంతదూరం వెళ్ళగలవో ఆ కమిటీ ముందుకు వచ్చిన అనుభవాలు చెప్పాయి. మన నగరాల్లో చదువుకోవడానికి వచ్చే ఈశాన్య రాష్ట్రాల పిల్లలను మన విద్యార్థులు ఏమని పిలుస్తున్నారో మాకు వినబడుతూనే ఉంది. మంగోలాయిడ్ అన్న గడిని పరీక్ష కోసం బట్టీపట్టిన మనసుకు ఆ పిలుపులో తప్పు ఎలా కనబడుతుంది?

అందుకే అయ్యా, నా అభ్యర్థనలు ఇవి. ఉన్నత విద్యా మండలి ద్వారా సమాజశాస్త్రం, మానవశాస్త్రం, తెలుగు అధ్యాపకులతో ఒక చిన్న సంఘం వేసి, రేస్, ఎథ్నిక్ సమూహం, తెగ, నేషన్ అన్న భావనలకు వేర్వేరు తెలుగు మాటలు నిర్ణయించండి. మంచి మాట దొరకని చోట రేస్‌ను రేస్ అనే తెలుగు లిపిలో రాయడం ‘జాతి’ అనడం కంటే మేలని నా అభిప్రాయం. రిస్లీ, గుహా వర్గీకరణలను తీసేయమని నేను అడగడం లేదు. వాటిని భారతీయుల వివరణగా కాక వలసపాలన చరిత్రగా, ఘుర్యే, అంబేద్కర్ జవాబులతో కలిపి చెప్పించండి. స్టువర్టుపురం చరిత్రను ఆ ఊరివారితో మాట్లాడి, వారి మాటల్లో పాఠంలో చేర్చండి. ప్రశ్నపత్రాల విషయంలో తక్షణం చేయగలిగింది ఒకటుంది: ‘గుహా వర్గీకరణను వివరించండి’ అన్న పది మార్కుల ప్రశ్న అలాగే వస్తున్నంతకాలం ఏ పుస్తకం మార్చినా విద్యార్థి ఆ ఆరు పేర్లే నేర్చుకుంటాడు, కాబట్టి ఆ ప్రశ్న ‘వివరించి విమర్శించండి’గా మారాలి. పోటీ పరీక్షలు మీ శాఖ పరిధిలోవి కావని తెలుసు, అయినా సర్వీస్ కమిషన్‌కు మీ మాట చేరితే గైడ్లు వాటంతట అవే మారతాయి.

ఈ మూడేళ్ళలో నా తరగతుల కోసం తయారు చేసుకున్న పాఠం, చర్చించిన ప్రశ్నలతో సహా, నా దగ్గర సిద్ధంగా ఉంది. సంఘానికి పనికొస్తుందనుకుంటే పంపుతాను. నల్లమల నుంచి వచ్చిన ఆ అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి ఇప్పుడు బీఎడ్ చదువుతోంది. తన ప్రశ్నకు నేను చెప్పాల్సిన జవాబును ఆ పాఠంలోనే రాసి మొదటి ప్రతి తనకే పంపాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల సమాజశాస్త్ర అధ్యాపకురాలు